వార్డులో కరిగిపోతున్న కండ ఎవరిది?

సర్కారు దవాఖానాలో నెలల తరబడి మంచం పట్టిన ముసలివాళ్ల కేస్ షీట్ చూడండి. బీపీ ఉంటుంది, షుగర్ ఉంటుంది. ఏం తిన్నారో, ఎంత కండ కోల్పోయారో చాలాసార్లు ఉండదు. దీన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

బరువు మిషను పూర్తి నిజం చెప్పదు. ఒంట్లో నీరు చేరినా, కొవ్వు పెరిగినా ముల్లు కదలదు. లోపల కండ కరుగుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన ఒక అమెరికా అధ్యయనం 2007లో వెలువడింది. అందులో కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గింది. దీనికి జబ్బు, అర్ధాకలి తోడైతే? లేచి నిలబడలేరు, పడక పుండ్లు మానవు.

ఉన్నవాళ్లకు ఇంటి నుంచి క్యారేజీ వస్తుంది. దవాఖానా పళ్లెమే దిక్కైనవాళ్లలో ఎక్కువమంది నాట్లేసి, మట్టి మోసి, వీధులూడ్చి బతికినవాళ్లు. భూమి దక్కని కులాలకు కండే ఆస్తి. ఆఖరి రోజుల్లో అదీ పోతోంది.

వృద్ధులకు కిలో బరువుకు రోజూ కనీసం 1 గ్రాము ప్రొటీన్ కావాలని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిడ్నీ జబ్బున్నవాళ్ల లెక్క డాక్టరు చూడాలి. 50 కిలోల అవ్వకు 50 గ్రాములన్నమాట. అన్నం, నీళ్ల పప్పు, పల్చటి మజ్జిగతో అది సమకూరదు. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. కానీ ఈ దేశంలో గుడ్డు కూడా కుల రాజకీయమే. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీ పిల్లలకే గుడ్డు వద్దంది. 2021లో కర్ణాటకలో బడి గుడ్డుకు మఠాధిపతులు అడ్డం తిరిగారు. ఇక ముసలివాళ్ల పక్షాన అడిగేదెవరు?

నేనడిగేవి ఖరీదైనవి కావు. వారానికోసారి టేపుతో పిక్క చుట్టుకొలత రాయండి. మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లకు తగ్గితే కండ క్షీణతను అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. తినేవాళ్లకు గుడ్డు, చేప, మాంసం పెట్టండి. పళ్లు లేనివాళ్లకు మెత్తగా వండండి, చెయ్యి వణికేవాళ్లకు తినిపించే మనిషిని పెట్టండి.

ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం రాజ్యపు ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ ఆర్టికల్ అంటోంది. గోవధ మాటున్న 48వ ఆర్టికల్‌ను కంఠతా పట్టిన పాలకులు, దాని ముందున్న పేరా కూడా ఒకసారి చదవాలి.