తాతగారి కటకానికి కొత్త కెమేరా



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి వ్రాసింది. వాళ్ళ తాతగారికి అప్పటి సోవియట్ దేశంలో తయారైన జెనిట్ కెమేరా ఒకటి ఉండేదట. ఆయన పోయి మూడేళ్ళయింది. కెమేరాలో ఫిల్ము తిప్పే మర విరిగిపోయింది. కటకం మాత్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నది. ఇంట్లో గోడలకు ఉన్న ఫోటోలన్నీ ఆ కటకంతో తీసినవే.

"దానితోనే మా నాయనమ్మ ఫోటో తీయాలని నా కోరిక. నాన్నగారు కెమేరాకు ఒకే ఒక్కసారి డబ్బిస్తామన్నారు. కొట్లో అడిగితే, ఆ పాతది ఇనపసామాన్ల వాడికి వేసి, కొత్త కెమేరాను దాని కటకంతో సహా కొనుక్కోమన్నారు. ఏం చేయమంటారు?" అని ఆమె అడిగింది.

ఇనపసామాన్ల వాడికి మాత్రం వేయవద్దు. ఎందుకో తెలియాలంటే మీరంతా ఒక చిన్న పని చేయాలి.

పగటిపూట, గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడండి. ఒక చేత్తో తెల్ల కాగితం, రెండో చేత్తో భూతద్దం పట్టుకోండి. భూతద్దాన్ని కాగితానికి దగ్గరగా, దూరంగా జరుపుతూ పోండి. ఒక చోట కిటికీ బయటి చెట్టూ, ఆకాశమూ తలక్రిందులుగా కాగితం మీద పడతాయి. రంగులతో సహా కనబడతాయి! (సూర్యుడికి ఎదురుగా మాత్రం పట్టకండి. కాగితం అంటుకుంటుంది. భూతద్దంలోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయి.) ఇప్పుడు భూతద్దాన్ని అర అంగుళం ముందుకు జరపండి. చెట్టు మసకబారిపోతుంది. వెనక్కు జరిపినా అంతే.

కటకానికీ, బొమ్మ పడే చోటికీ మధ్య ఇంత దూరం అని ఒక లెక్క ఉన్నదన్నమాట. కెమేరాలు చేసేవాళ్ళు కటకాన్ని బిగించే అంచు నుంచి ఫిల్ము దాకా ఎంత దూరం ఉండాలో ముందే నిర్ణయించుకుంటారు. జెనిట్ కెమేరాలో అది 45.46 మిల్లీమీటర్లు. అసాహీ పెంటాక్స్ వాళ్ళు 1964లో తెచ్చిన స్పాట్‌మాటిక్‌లోనూ అంతే. రెండింటికీ కటకాన్ని మరలాగ తిప్పి బిగిస్తారు, ఆ మర వెడల్పు 42 మిల్లీమీటర్లు. అందుకే ఒకదాని కటకం రెండోదానికి సరిపోతుంది.

అంత దూరం ఎందుకు పెట్టారంటారా? మధ్యలో ఒక అద్దం ఉంటుంది కనుక. అది ఏటవాలుగా నిలబడి, కటకం నుంచి వచ్చిన బొమ్మను పైకి, ఫోటో తీసేవాడి కంటికి పంపుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి దారి ఇస్తుంది. అద్దం లేవడానికి చోటు కావాలి గదా! ఫిల్ము పోయి, దాని స్థానంలో వెలుగును విద్యుత్తుగా మార్చే సెన్సారు వచ్చాక కూడా పెద్ద కెమేరాలలో ఈ అద్దం చాలాకాలం అలాగే ఉన్నది.

2008లో పానసోనిక్ వాళ్ళు జి1 అనే కెమేరా తెచ్చారు. కటకాలు మార్చుకోవచ్చు గాని అందులో అద్దం లేదు. సెన్సారు చూస్తున్నదాన్నే చిన్న తెరమీద చూపుతుంది. తర్వాత మిగతావాళ్ళూ ఆ దారి పట్టారు. ఇవే మిర్రర్‌లెస్ కెమేరాలు. అద్దం లేదు కనుక చోటూ అక్కరలేదు. సోనీ వారి అద్దంలేని కెమేరాలలో అంచు నుంచి సెన్సారుకు దూరం 18 మిల్లీమీటర్లే.

ఇప్పుడు లెక్క చేయండి. తాతగారి కటకానికి 45.46 కావాలి. కెమేరాలో 18 ఉన్నది. మిగిలినది 27.46 మిల్లీమీటర్లు. ఆ మందం గల బోలు రింగు ఒకటి మధ్యన పెడితే సరి! దీనినే అడాప్టర్ అంటారు. ఇందులో గాజు ఉండదు, తీగలు ఉండవు. కెమేరా ధరతో పోలిస్తే దీని ధర చాలా తక్కువ.

ఇక్కడ ఒక తమాషా ఉన్నది. నికాన్ వారి అద్దం ఉన్న కెమేరాలలో ఈ దూరం 46.5 మిల్లీమీటర్లు. మనకు కావలసిన దానికంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ. రింగు పెట్టకముందే కటకం దూరమైపోయింది! దగ్గరి పూవు చక్కగా వస్తుంది గాని, దూరపు కొండ ఎప్పటికీ మసకగానే ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు చేసే పని అది. చవకగా దొరికిందని అటువంటి కెమేరా కొని, తర్వాత విచారించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

సరే, అద్దంలేని కెమేరాయే కొనాలి. వాటిలో ఏది? డబ్బు ఎక్కువ తక్కువలు ఇక్కడే వస్తాయి. సెన్సారు అన్నిటిలోనూ ఒకే పరిమాణంలో ఉండదు. ఫిల్ము బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. సోనీ ఎ7 అనే కెమేరాలో (ఇది 2013లో వచ్చింది) సెన్సారు దాదాపు అంతే ఉంటుంది. 2014లో వచ్చిన సోనీ ఎ6000లో 23.5 పొడవు, 15.6 వెడల్పు. అదే సంవత్సరం ఒలింపస్ వారు తెచ్చిన ఇ-ఎం10లో 17.3 పొడవు, 13 వెడల్పు. అట్టముక్కల మీద ఈ మూడు కొలతలతో కిటికీలు కత్తిరించి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది. కటకం వేసే బొమ్మ ఒకటే. చిన్న సెన్సారు దాని మధ్య భాగాన్ని మాత్రం తీసుకుంటుంది.

అయితే ఏమిటి నష్టం? జెనిట్‌తో వచ్చే హీలియోస్ కటకం నాభ్యంతరం 58 మిల్లీమీటర్లు. దానితో మూడు మీటర్ల దూరం నుంచి ఫోటో తీశామనుకోండి. ఎ7లో దాదాపు 1.9 మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే ముగ్గురు మనుషులు దగ్గరగా నిలబడవచ్చు. ఎ6000లో 1.2 మీటర్లు. ఇ-ఎం10లో 90 సెంటీమీటర్లే, ఒకరూ, వారి కుర్చీ. ఇంటిల్లిపాదినీ వసారాలో నిలబెట్టి తీయాలంటే, ఫోటో తీసేవాడు వీధిలోకి పోయి నిలబడాలి!

కాని మన అమ్మాయి తీయదలచినది నాయనమ్మను. ఒక్క మనిషి ఫోటోకు చిన్న సెన్సారు లోపం కాదు, కొంత మేలే. ముఖానికి మరీ దగ్గరగా పోకుండానే ముఖం నిండుగా వస్తుంది. అందుచేత ఎ7 కోసం నాన్నగారిని ఎక్కువ డబ్బు అడగనక్కరలేదని నా ఉద్దేశం. ఎవరో వాడిన ఎ6000 మంచిది దొరికితే చాలు. ఇ-ఎం10 కూడా తీసివేయదగినది కాదు. చేయి వణికితే లోపల సెన్సారే కదిలి సర్దుకునే ఏర్పాటు అందులో ఉన్నది, ఎ6000లో లేదు. కటకం 58 మిల్లీమీటర్లని దానికి మనమే చెప్పాలి, పాత కటకానికి మాట్లాడటం రాదు గదా. ఈ రెండింటికీ కన్ను ఆనించి చూసే చోటు ఉన్నది. అది లేని కెమేరాలు ఇంకా చవక. అయితే మన ఎండలో వెనక తెర మీద ఏమీ కనబడదు.

పాత కటకంతో పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకోవాలి. కెమేరా తనంత తాను స్పష్టం చేయదు. కటకం చుట్టూ ఉన్న పట్టీ చేత్తో తిప్పాలి. తెరమీద స్పష్టంగా ఉన్న అంచులకు రంగు గీతలు పడి మెరుస్తాయి. నాయనమ్మ కంటిరెప్పల మీద ఆ మెరుపు కనబడగానే నొక్కాలి. కటకం వెలుగును తగ్గించే పట్టీ కూడా మన చేతిలోనే. హీలియోస్-44-2 అయితే దానికి రెండు పట్టీలు, ఒకటి హద్దు పెట్టేది, ఒకటి తెరిచి మూసేది. పూర్తిగా తెరిచి తీస్తే, వెనక ఉన్న చెట్ల ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి. అందుకోసమే ఈ కటకాన్ని వెతికి కొనేవాళ్ళు ఉన్నారు. కబడ్డీ ఆటను మాత్రం దీనితో తీయబోకండి. మీరు పట్టీ తిప్పేలోపల ఆట అయిపోతుంది. దానికోసం, వీలైతే కెమేరాతో వచ్చే మామూలు కటకం కూడా కలిపి అడగండి.

కొట్టుకు వెళ్ళేటప్పుడు తాతగారి కటకమూ, రింగూ వెంట తీసుకుపోవాలి. బిగించి నొక్కగానే కెమేరా పనిచేయకపోతే కంగారుపడకండి. కటకం పెట్టలేదనుకుని అది ఊరకుంటుంది. కొన్ని కెమేరాలలో, కటకం లేకపోయినా తీయమని లోపలి పట్టికలో ఒకసారి చెప్పాలి. తెల్ల గోడను 16 అంకె మీద పెట్టి ఒక ఫోటో తీయండి. నల్ల చుక్కలు కనబడితే సెన్సారు మీద దుమ్ము ఉన్నదన్నమాట. దుమ్ము అయితే తుడిపించవచ్చు. గీతలు అయితే వద్దని వచ్చేయండి.

అసలు ముఖ్యమైన పరీక్ష ఇంట్లోనే ఉన్నది, డబ్బు ఖర్చు కాకముందే చేయాలి. మన గాలిలో తేమ ఎక్కువ. ఏళ్ళ తరబడి తోలు సంచిలో మూసిపెట్టిన కటకంలో బూజు పెరుగుతుంది. బయటికి కనబడదు. కటకాన్ని పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూడు పోగుల వంటివి కనబడితే అది బూజు. అంచున కొద్దిగా ఉంటే ఫోటోకు పెద్ద హాని లేదు. గాజంతా పరుచుకుని ఉంటే ఫోటో పాలిపోయినట్టు వస్తుంది. అప్పుడు శుభ్రం చేయగలవాడు దొరికేదాకా కెమేరా కొనకూడదు. మీరు విప్పబోకండి. తోలు సంచిలోంచి తీసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలలో వచ్చే సిలికాజెల్ పొట్లాలు వేసి ఉంచండి.

కనుక అమ్మాయీ, ఈ ఆదివారం నాన్నగారి చేత టార్చి పట్టించి కటకంలోకి చూడు. దాని ముందు అంచున చుట్టూ చెక్కి ఉన్న అక్షరాలనూ, అంకెలనూ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి వ్రాసి పంపు. వెనక వైపు చిన్న సూదిమొన వంటిది బయటికి వచ్చి ఉన్నదేమో కూడా చూడు. ఉంటే, ఆ మొనను లోపలికి నొక్కిపట్టే రకం రింగు కొనవలసి ఉంటుంది.