అటక లేని ఇళ్ల పత్రికలు

పాత పత్రికలు దాచుకోవడం మంచి అలవాటని అందరూ అంటారు. నాకూ ఉంది ఆ అలవాటు. బడంగ్‌పేట్‌లో మా అద్దె పోర్షన్‌లో ఒక గోడ పొడుగునా అవే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల పాత పేపర్ల దుకాణాల్లో ఏరుకొచ్చినవి. అందుకే బయట నిలబడి రాయి విసరడం లేదు, ఆ గోడ ముందు నిలబడే అంటున్నా: తెలుగునాట పాత పత్రికల సేకరణ కులం అంటని సరదా కాదు.

ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. డెబ్బై ఏళ్ల కిందటి వారపత్రిక ఇవాళ మన చేతికొచ్చిందంటే, ఇన్నేళ్లూ అది ఎక్కడుంది? ఎవరింటి అటక మీదో. అటక ఉండాలంటే కురవని పైకప్పు ఉండాలి. చందా కట్టాలంటే నెల తిరిగేసరికి జీతమో, పంటో చేతికి రావాలి. పత్రిక వచ్చాక చదవడానికి ఇంట్లో బడికి పోయిన మనిషి ఉండాలి. ఇందులో ఏ మెట్టు మీద మన తాతల్ని నిలబడనిచ్చారు? గుడిసెలో కాగితం ఒక వానాకాలం దాటదు. ఆ దాటకపోవడాన్నే ఇవాళ "మీవాళ్లు ఏమీ రాయలేదు కదా" అంటున్నారు.

మిగిలినదాంట్లో కూడా ఏం దాచారో చూడండి. భారతి 1924లో మొదలైంది, చందమామ 1947 జులైలో. వడ్డాది పాపయ్య బొమ్మలున్న 'యువ' అట్టలకు ఇవాళ ఎంత గిరాకీ ఉందో సేకర్తలకు తెలుసు. సీరియల్ పేజీలు చింపి బైండు చేయించుకోవడం ఆ కాలపు ఇళ్లలో పెద్ద అలవాటు. నవల మిగిలింది. పాఠకుల ఉత్తరాలు, ప్రకటనలు, మూలనున్న చిన్న వార్తలు పొట్లాలైపోయాయి. మన గురించి ఏమైనా ఉంటే ఆ మూలల్లోనే ఉండేది.

వీటిని "ఇంటిల్లిపాదీ చదివే పత్రికలు" అని మురిపెంగా చెప్తారు. ఏ ఇంటి ఇల్లిపాది? కథలో మనం కనిపించేది పాలేరుగా, పెరట్లోంచి వచ్చే పనిమనిషిగా, సంస్కర్త జాలి చూపడానికి దొరికిన పిల్లగా. ఒక కొన్ని ఇళ్ల ముచ్చటకు "సాధారణ" అని పేరు పెట్టి, మన ముచ్చటకు "దళిత" అని విడిగా చీటీ అంటించారు. ఆ చీటీ మీద పేచీ లేదు. వాళ్ల దానికీ చీటీ ఉండాలన్నదే పేచీ.

పెట్టుబడి సంగతీ చూడాలి. భారతి వెనుక కాశీనాథుని నాగేశ్వరరావు గారి అమృతాంజనం ఉంది. 1928లో వచ్చిన గృహలక్ష్మి వెనుక కేసరి గారి లోధ్ర మందు ఉంది. అది నేరం కాదు, చరిత్ర. కానీ సాహిత్యం దానంతటదే వికసించిందని పాఠం చెప్పేటప్పుడు ఆ సీసాల పేరు కూడా చెప్పాలి. ఎందుకంటే అదే కాలంలో మనవాళ్లూ పత్రికలు పెట్టారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' నడిపారు. 'వెట్టి మాదిగ' కథ వచ్చింది అందులోనే. రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపారు. ఎం.ఏ. తెలుగు చదివిన ఎంతమంది ఈ పత్రికల్లో ఒక్క సంచికైనా కంటితో చూశారు? చందమామ పాత సంచికలు మాత్రం ఫోన్లోనే దొరుకుతాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పాత పత్రికల్ని నిజంగా కాపాడింది పండితులు కాదు. పెద్దాయన పోయాక కొడుకులు అటక దులిపి కిలోల లెక్కన తూకానికి వేస్తారు. ఆ మూట మోసుకొచ్చి, తడవకుండా వేరు చేసి, "సార్, ఇది పాతది" అని పక్కన పెట్టే మనిషి ఎవరు? బస్తా భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగే మనిషి. సేకర్త పేరు సన్మాన పత్రం మీద ఉంటుంది. ఆ మనిషి పేరు ఎవరూ అడగరు.

"పాత కాగితాల్లో కూడా కులం వెతుకుతారా?" అని ఒక పెద్దమనిషి అడుగుతాడు. తెలంగాణలో కవులే లేరన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి తిట్టలేదు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి ముందు పెట్టారు. లేరన్న మాటకు పేజీయే జవాబు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. ఆ రాతలు తర్వాత పుస్తకంగా అచ్చయ్యాయి కాబట్టే ఇవాళ ఎవరూ వాటిని లేవనలేరు. తెలుగులో ఆ పని మన మీద మిగిలిపోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో ఊరికి పోతారు కదా. ఇంట్లో ట్రంకు పెట్టె తెరవండి. అంబేద్కర్ సంఘం కరపత్రాలు, జయంతి సావనీర్లు, హాస్టల్ రోజుల సైక్లోస్టైల్ కాగితాలు, కారంచేడు తర్వాత వచ్చిన చిన్న పత్రికలు, 'నలుపు' పాత సంచికలు. ఏది దొరికినా పారేయకండి. పిన్ను తీసేయండి, తుప్పు కాగితాన్ని తింటుంది. జిగురు టేపు అంటించకండి. పగటి వెలుతురులో అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా ఫోటో తీయండి. ఎవరింట్లో దొరికిందో, ఎవరు దాచారో ఆ పేరు రాయండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి మిత్రుడి దగ్గర, ఒకటి లైబ్రరీలో. ఒక్క చోటే ఉన్నది ఒక్క వరదకు పోతుంది.

పాత భారతి, పాత ఆంధ్రపత్రిక కూడా చదవండి. ముచ్చట కోసం కాదు, సాక్ష్యం కోసం. మనల్ని ఏ పేజీలో ఏ పేరుతో పిలిచారో తేదీతో సహా రాసి పెట్టుకోండి. రేపు పరిశోధనలో పనికొస్తుంది, వాదనలో అంతకంటే ఎక్కువ పనికొస్తుంది.

వాళ్ల తాతలు అటక ఇచ్చిపోయారు. మన తాతలు ఇచ్చిపోయింది మాట. దాన్ని కాగితం మీద నిలబెట్టి, ఆ కాగితం మళ్లీ తడవకుండా చూడటం మన తరం పని.

జై భీమ్.

(వచ్చే వారం: పాఠ్యపుస్తకాల్లోకి రాని కవులు)