ఇంటికి ఫోన్ చేసే ముందు ఆ విద్యార్థిని అడగండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షుల వారికి,



మన కాలేజీల్లో ఏ గొడవ వచ్చినా ముందు వినిపించే మాట ఒకటే: "రేపు మీ నాన్నను తీసుకురా." హాజరు తగ్గినా, ఫీజు బాకీ పడినా ఆ మాటతో పని జరిగిపోతుంది. కానీ అబ్బాయిని ఇష్టపడిన అబ్బాయి, అమ్మాయిని ప్రేమించిన అమ్మాయి, అబ్బాయిగా పెరిగినా తాను అమ్మాయినేనని గ్రహించిన విద్యార్థి విషయంలో అదే మాట చదువుకే ఎసరు పెడుతుంది. విషయం ఇంట్లో తెలిస్తే కొందరికి హడావుడిగా పెళ్లి చేస్తారు. కొందరిని 'నయం చేస్తా'మనే వాళ్ల దగ్గరికి లాక్కెళతారు. ఇంకొందరిని గడప తొక్కనివ్వరు.

హాస్టల్లో ఇలాంటి విద్యార్థి నడక చూసి పేర్లు పెడతారు. అర్ధరాత్రి తలుపు బాది పారిపోతారు. వెళ్లి చెప్పుకుంటే వార్డెన్ "నువ్వు కాస్త మగాడిలా ఉండొచ్చుగా" అంటాడు. ఆ పిల్లవాడు రెండోసారి ఫిర్యాదుకు వెళ్లడు. అందరూ తిని వెళ్లాక మెస్‌కు రావడం అలవాటు చేసుకుంటాడు.

ఇదంతా చట్టం లేక జరుగుతున్నది కాదు. లైంగికత, లింగ గుర్తింపు పేరుతో వేధించడం కూడా ర్యాగింగేనని యూజీసీ 2016లోనే నిబంధనల్లో చేర్చింది. పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల చట్టం చెప్పింది. స్వలింగ ఆకర్షణను 'మార్చే' చికిత్స చేసే డాక్టరుది వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది.

అన్నిటికన్నా మనకు దగ్గరిది విశాఖ కేసు. అక్కడ నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మృతిపై 2025 జులై 25న తీర్పిస్తూ సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హులైన కౌన్సెలర్ ఉండాలంది. అణగారిన నేపథ్యాల పిల్లలతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలంటూ, ఆ వరుసలో ఎల్‌జీబీటీ విద్యార్థులనూ చేర్చింది.

చేయాలనుకుంటే మార్గం ఉంది. ఒక విద్యార్థి కోరితే హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం 2015లోనే పట్టా మీద ఆడ, మగ తేడా చూపని 'ఎంఎక్స్' అనే సంబోధన రాసిచ్చింది. 2022లో హాస్టల్లో ఎల్‌జీబీటీ విద్యార్థుల కోసం గదులు కేటాయించింది. అది పేరున్న సంస్థ కదా అనవచ్చు. కానీ పట్టా మీద ఒక మాట మార్చడానికి ఏ కాలేజీకైనా కోట్లు అక్కర్లేదు.

మీ నుంచి కోరేది ఒక్క సర్క్యులర్. అందులో నాలుగు అంశాలు ఉండాలి.

ఒకటి: విద్యార్థి ఒప్పుకోకుండా అతని లైంగికత గురించి ఇంట్లో గానీ, సిబ్బందిలో గానీ ఎవరికీ చెప్పరాదు. ప్రాణం మీదికొచ్చి ఇంటికి కబురు పెట్టినా, ఈ సంగతి బయటపెట్టనక్కర్లేదు.

రెండు: కౌన్సెలర్ గది ప్రిన్సిపల్ గది పక్కన వద్దు. ఎల్‌జీబీటీ విద్యార్థులు కూడా రావచ్చని నోటీసు బోర్డులో తెలుగులో రాయాలి. దాని కింద ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు టెలీ మానస్ 14416 ఉండాలి.

మూడు: శిక్షణ వార్డెన్లతో మొదలుపెట్టాలి. రాత్రి పది దాటితే విద్యార్థికి కాలేజీ అంటే వార్డెనే.

నాలుగు: ఇంట్లోంచి గెంటేసిన విద్యార్థికి హాస్టల్ గది, ఫీజుకు గడువు ఇవ్వాలి. తల్లిదండ్రుల సంతకం లేదని దరఖాస్తులు తిప్పి పంపకూడదు.

తల్లిదండ్రులు నిలదీస్తారని ప్రిన్సిపాళ్లు జంకుతారు. డిగ్రీ విద్యార్థుల్లో చాలామందికి పద్దెనిమిది నిండి ఉంటాయి. ఓటు వేసే వయసొచ్చిన మనిషి తన సంగతి ఎవరికి చెప్పాలో తానే నిర్ణయించుకుంటాడు. ఆ జవాబు చెప్పే ధైర్యం ప్రిన్సిపాళ్లకు మీ ఉత్తర్వుతోనే వస్తుంది. వచ్చే ఏడాది ప్రవేశాల నోటిఫికేషన్‌తో పాటే దాన్నీ విడుదల చేయండి.

ఇట్లు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు