సంచీ దులిపి పడవెక్కాలి!

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు ముందుగా సెల్యులార్ జైలు ఫొటోలు చూపిస్తారు. ఆ తరవాత హేవ్‌లాక్ బీచివి... 2018 నుంచి ఆ దీవి పేరు స్వరాజ్ ద్వీప్ అనుకోండి. ‘మరి జాలీబోయ్ చూశారా?’ అని అడిగితే మాత్రం సగంమంది పెదవి విరుస్తారు. ‘అబ్బే, అక్కడేముందండీ! హోటల్ లేదు, టీకొట్టు లేదు. మంచినీళ్ల సీసాకి కూడా డిపాజిట్ కట్టమంటారు’ అని. నిజమే, అవేవీ లేవు. లేవు కాబట్టే వెళ్లాలి!

జాలీబోయ్ ఓ చిన్న దీవి. మనుషులెవరూ ఉండరు. అడవి, తెల్లటి ఇసుక, చుట్టూ పగడపు దిబ్బలు... అంతే. 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఇదొక భాగం. సుమారు 280 చదరపు కిలోమీటర్ల ఆ పార్కులో 15 దీవులున్నాయి. వాటిలో పర్యటకుల్ని రానిచ్చేవి ముఖ్యంగా రెండు... ఒకటి జాలీబోయ్, రెండోది రెడ్‌స్కిన్. ఆ రెండూ కూడా ఒకేసారి తెరిచి ఉండవు. ఏడాదిలో సుమారు ఆరునెలలు దీని వంతు, మిగతా ఆరునెలలు దాని వంతు. చలికాలంలో, ఎండాకాలంలో వెళ్తే జాలీబోయ్, వానాకాలంలో రెడ్‌స్కిన్ అన్నమాట. పొలాన్ని ఓ పంట బీడు పెట్టి తేరుకోనిచ్చినట్టు, సముద్రానికీ ఓ సెలవు!

దాంతో ఏమొస్తుందంటారా? థాయ్‌లాండ్‌లోని మాయాబే సంగతి చూడండి. ఓ హాలీవుడ్ సినిమా పుణ్యమా అని ఆ చిన్న తీరానికి రోజుకి వేలమంది ఎగబడ్డారు. పడవల లంగర్లు, మనుషుల కాళ్లు కలిసి పగడాల్ని పిండి చేసేశాయి. 2018 జూన్‌లో అక్కడి ప్రభుత్వం దాన్ని మూసేసింది. మళ్లీ తెరిచింది 2022 జనవరిలోనే. ఆ మధ్యకాలంలో, ఎప్పుడో కనిపించకుండా పోయిన చిన్న సొరచేపలు గుంపులుగా తిరిగొచ్చాయి. మన దగ్గర అంతదాకా రాకముందే వంతులు పెట్టారు. ప్రభుత్వ నిబంధనల్ని మెచ్చుకునే అవకాశం మనకి తరచూ రాదు కదా, వచ్చినప్పుడు మెచ్చుకోవాలి మరి!

ఇక ప్రయాణం. పోర్ట్‌బ్లెయిర్... 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం... అక్కడినుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూరు. పడవలు పొద్దున్నే అక్కడి జెట్టీ నుంచి బయల్దేరతాయి. పర్మిట్ ముందురోజే ఊళ్లో తీసుకుని పెట్టుకోవాలి. రోజుకి ఇంతమందే అని లెక్క ఉంటుంది కాబట్టి సెలవుల్లో మరీ తొందరపడాలి. గుర్తింపు కార్డులు మర్చిపోవద్దు. భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగే. బజార్లో మీరు హిందీలో కూడబలుక్కుంటుంటే అవతలాయన ‘చెప్పండి బాబూ’ అన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

జెట్టీలో సంచులన్నీ తెరిచి చూస్తారు. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ రేపర్లు, క్యారీబ్యాగులు అన్నీ అక్కడే వదిలేయాలి. నీళ్ల సీసాలకి డిపాజిట్. ఎన్ని తీసుకెళ్లారో అన్నీ వెనక్కి తెస్తేనే డబ్బు తిరిగిస్తారు. మన ఇళ్లలో దీనికి బెంబేలెత్తాల్సిన పనేముంది? స్టీలు క్యారియర్లో పులిహోర, చపాతీలు సర్దుకుంటే సరి. మన అమ్మమ్మలు రైలు ప్రయాణాలన్నీ అలాగే చేశారు. తినడం అయ్యాక మెతుకు కూడా అక్కడ పారేయకండి.

గంటసేపు పడవ. దారిలో రెండువైపులా మడ అడవులు నీళ్లలోకి వేళ్లు దించుకుని కనిపిస్తాయి. జాలీబోయ్‌కి జెట్టీ లేదు. అందుకే పెద్ద పడవ కాస్త దూరంలోనే ఆగిపోతుంది. అక్కడినుంచి అడుగున అద్దం ఉన్న చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. ఈతరాని వాళ్లకీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ ఇదే అసలు పండగ! అద్దం కింద మెదడు ఆకారంలో కొన్ని, జింక కొమ్ముల్లా కొన్ని, బల్లపరుపుగా కొన్ని. వాటి సందుల్లో రంగురంగుల చేపలు.

పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయే గుర్తొస్తుంది మనకి. ఆ పగడం మధ్యధరా సముద్రంలో దొరికే వేరే రకం. ఇక్కడివి దిబ్బలు కట్టేవి. రాయిలా కనిపించినా అది రాయి కాదు, లక్షల చిన్న ప్రాణుల కాలనీ! ఒక్కో ప్రాణీ సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండతో ఆహారం తయారుచేసి ఆతిథ్యమిచ్చిన ప్రాణికి పెడుతుంది. ఆ రంగులు కూడా చాలావరకు నాచు పుణ్యమే. గుండ్రటి బండల్లా పెరిగేవి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. అంటే జానెడు ముక్క విరిగితే మళ్లీ అంత కావడానికి ఓ పిల్లాడు పుట్టి డిగ్రీ పూర్తిచేసేంత కాలం పడుతుంది.

సముద్రం నీళ్లు మామూలుకన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఆ నాచు బయటికి వెళ్లిపోతుంది. పగడం తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేదంటే ఆకలితో చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010 ఎండాకాలంలో ఇలా పెద్దఎత్తున జరిగింది. 2016లో మళ్లీ. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు ఇలా తెల్లబారుతున్నాయని 2024 ఏప్రిల్లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అందుకే అద్దం కింద రంగులతోపాటు బూడిదరంగు దిబ్బలు కూడా కనిపిస్తాయి. పిల్లలు ‘అవేంటి?’ అని అడిగితే దాటవేయకండి, చెప్పండి. వేడెక్కే సముద్రాన్ని వండూరు జెట్టీలో నిలబడి ఎవరూ ఆపలేరు. కానీ ఇప్పటికే జ్వరంతో ఉన్నదాని మీద మనం వెళ్లి నిలబడకుండా ఉండొచ్చు కదా! మాస్కు పెట్టుకుని నీళ్లలోకి దిగినవాళ్లు అలసిపోగానే కాలు ఆనించేది సరిగ్గా పగడం మీదే. గైడు పట్టుకోమన్న ట్యూబునే పట్టుకోండి. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పొడుగుచేతుల చొక్కా వేసుకోండి. వాటిలోని కొన్ని రసాయనాలు పగడాలకి హాని చేస్తాయని పలావు దేశం 2020లో అలాంటివాటిని నిషేధించింది కూడా.

ఒడ్డున ఇసుక అంత తెల్లగా ఎందుకుందో తెలుసా? చిలుకచేపలని ఉంటాయి, చిలుకముక్కు లాంటి నోరు. దిబ్బల మీది నాచుని సున్నంతో సహా గీరి తిని, అరగని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తాయి. పెద్దది ఒక్కోటి ఏడాదికి వందల కిలోలు! ఈ ముక్క చెప్పాక మా ఇంట్లో పిల్లలు ఇసుక గూళ్లు కట్టడానికి కాసేపు వెనకాడారు. కాసేపే లెండి.

ఒడ్డున గవ్వలు, చచ్చిన పగడపు ముక్కలు బోలెడు. ‘చచ్చిందేగా, ఒక్కటి దేవుడి గదిలో పెట్టుకుందాం’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. వద్దండి. దిబ్బలు కట్టే పగడాలకి 2001లోనే వన్యప్రాణి చట్టంలో పులితో సమానమైన రక్షణ ఇచ్చారు. ముక్కయినా నేరమే, విమానాశ్రయంలో సామాన్ల తనిఖీలో దొరికిపోతారు. ఖాళీ గవ్వ కూడా నిజానికి ఖాళీ కాదు. సొంత గుల్ల లేని పీతలు వాటిలోనే తలదాచుకుంటాయి. మనం పట్టుకొస్తే ఆ పీతకి ఇల్లు పోయినట్టే.

దీవిలో ఉండనిచ్చేది కొన్ని గంటలే. మధ్యాహ్నానికి పడవ తిరుగుముఖం పడుతుంది. వండూరులో సీసాలు లెక్కచెప్పి డిపాజిట్ తీసుకోండి. జెట్టీ పక్కనే బీచి ఉంది. 2004 సునామీ తెచ్చిన భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. ఆ తరవాత మోడువారిన మహావృక్షాలు అక్కడ కనిపిస్తాయి, చూడండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. మొసళ్లుంటాయని బోర్డు పెట్టారు, అది ఊరికే పెట్టింది కాదు.