పాత కారులో ఫోను పాటలు

ఈ నెల మన శీర్షికలో పాత కారు వాడుకుంటున్న కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఒకటి చెప్పుకుందాం.

1983లో మొదలై 2014 వరకు తయారైన మారుతి 800 వంటి కార్లు మన ఊళ్ళలో ఇంకా అక్కడక్కడ నడుస్తూనే ఉన్నాయి. వాటిలో ఉన్న స్టీరియోలు క్యాసెట్ల కాలంనాటివి, లేదా సీడీల కాలంనాటివి. పాటలేమో ఇప్పుడు ఫోనులో ఉన్నాయి. ఫోనును ఒళ్ళో పెట్టుకొని, పాట సరిగా వినబడక, మాటిమాటికి దాన్ని చేతిలోకి తీసుకుంటూ బండి నడిపేవారిని మనం చూస్తూనే ఉన్నాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు వెళ్తుంది. పాట మార్చడానికి మూడు సెకన్లు తల వంచితే, 50 మీటర్లు కళ్ళు మూసుకొని నడిపినట్లే. ఆ 50 మీటర్లలో గేదె అడ్డం రావచ్చు, బడిపిల్లవాడు రోడ్డు దాటవచ్చు.

కాబట్టి ఫోనును డ్రైవరు చేతికి దూరంగా ఉంచి, పాట స్టీరియోలో వినబడేలా చేసుకోవాలి. దీనికి వేలకు వేలు పెట్టి కొత్త స్టీరియో కొననక్కర లేదు. మీ స్టీరియో ముందు భాగాన్ని ఒకసారి పరిశీలనగా చూడండి.

యు.ఎస్.బి. రంధ్రం ఉంటే అన్నిటికన్న మేలు. పాత సెట్లు చాలావరకు దానిద్వారా ఫోనుకు ఛార్జింగు ఇస్తాయే గాని, ఫోనులోని పాటలు చదవవు. పెన్‌డ్రైవును మాత్రం చదువుతాయి. దాన్ని ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాటు చేయించి, ఎంపీ3 పాటలు ఎక్కించండి. ఇక ఫోనుతో పనే ఉండదు.

ఇయర్‌ఫోను పట్టేంత చిన్న గుండ్రని రంధ్రం ఉంటే అది ఆక్స్. రెండు వైపులా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న వైరుతో ఫోనును కలిపి, స్టీరియోలో మోడ్ బటను నొక్కి ఆక్స్‌కు మార్చండి. ఫోనుకు ఇయర్‌ఫోను రంధ్రం లేకపోతే, ఆక్స్‌కు తగిలించే బ్లూటూత్ రిసీవరు దొరుకుతుంది.

క్యాసెట్టు పెట్టే చోటు మాత్రమే ఉంటే, క్యాసెట్టు అడాప్టరు వాడవచ్చు. చూడటానికి అది మామూలు క్యాసెట్టే. లోపల టేపుకు బదులు చిన్న హెడ్డు ఉంటుంది. వైరుమీద వచ్చిన పాటను అది అయస్కాంత సంకేతంగా మార్చి ప్లేయరు హెడ్డుకు అందిస్తుంది. ముందుగా ప్లేయరు హెడ్డును స్పిరిటు అద్దిన దూదిపుల్లతో తుడవండి. ఇంట్లో తాతగారి గొంతు రికార్డయిన క్యాసెట్టు ఏదైనా ఉంటే, ఆ ప్లేయరును పారవేయకుండా ఉంచుకోవడానికి అదొక్కటే చాలు.

ఇవేవీ లేక రేడియో మాత్రమే ఉన్నదా? సిగరెట్ లైటరు సాకెట్టులో పెట్టే ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు తీసుకోండి. అది ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పాటను అందుకొని, కారులోని రేడియోకు ప్రసారం చేస్తుంది. 88 నుండి 108 వరకు గల నెంబర్లలో ఏ స్టేషనూ రాని ఖాళీ నెంబరును రెండింటిలోనూ పెట్టాలి. హైదరాబాదులో 101.9 మీద ఆకాశవాణి రెయిన్‌బో వస్తుంది గనుక, అక్కడ ఆ నెంబరు పనికిరాదు. మరో పట్టణం చేరాక గరగర మొదలైతే, బండి పక్కకు ఆపి నెంబరు మార్చండి. ఇందులో పాట వైరు ద్వారా వచ్చినంత స్పష్టంగా ఉండదు.

వైరు కలిపి, ఫోనుకు ఛార్జింగు కూడా పెట్టినప్పుడు, ఇంజను వేగంతోపాటు పెరిగే కూత వినబడితే, ఛార్జరు తీసి చూడండి. కూత ఆగితే లోపం స్టీరియోది కాదు. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరాన్ని వైరు మధ్యలో పెడితే అది తగ్గుతుంది.

ఇక ముఖ్యమైన మాట. పాటల వరుసను బండి కదలకముందే సిద్ధం చేసుకోండి. దారిలో సిగ్నలు పోయే చోట్లుంటాయి కనుక, పాటలను ముందే దించుకోండి. వైరు గేరుకు, స్టీరింగుకు చుట్టుకోకుండా చూడండి. వెనుక బండి హారను వినబడేంత శబ్దమే పెట్టండి. పాట మార్చే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఫోను చేతపట్టుకొని నడపటం ప్రమాదకరమైన డ్రైవింగు క్రిందికి వస్తుంది. మొదటి తప్పుకే 5,000 రూపాయల వరకు జరిమానా గాని, జైలుశిక్ష గాని పడవచ్చు.

యౌవనులారా, ఈ అమరిక మీకు అరగంట పని. శనివారం సాయంత్రం మీ నాన్నగారి కారులో చేసి పెట్టండి. ఆదివారం ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదనే ఉంటాయి.