చలికాలపు వ్యాధులు - ఏ వాకిలి తట్టవలెను?

ధనుర్మాసము ప్రవేశించినతోడనే మన తరగతి గదులలో పాఠముకంటె దగ్గు ఎక్కువగా వినబడును. ఇంటిలో తాతగారికి ఆయాసము, చంటిబిడ్డకు జలుబు, తల్లికి తలనొప్పి. పండుగకు దాచుకొనిన సొమ్ము మందుల అంగడికి చేరును. చలి మన చేతిలోనిది కాదు. కాని ఆ దినములలో దేహమును కాపాడుకొనుటయు, జబ్బు వచ్చినపుడు ఏ జబ్బుకు ఏ చోటికి పోవలెనో యెరుగుటయు మన చేతిలోనివే. ఈ రెండవ విద్య మనకు మిక్కిలి కొరతగా నున్నదని నా యభిప్రాయము.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలందురు. మనము రెండు విధములుగను తప్పుచున్నాము. ముక్కు కారిన మరునాడే పట్టణమునకు పోయి సూదిమందును, సెలైను సీసాను కోరుచున్నాము. ఊపిరి యెగబీల్చుచున్న పసిబిడ్డకు మాత్రము దిష్టి తీసి, తెల్లవారనిమ్మని కూర్చుండుచున్నాము. గోరు చాలినచోట గొడ్డలి నెత్తుటవలన ధనము పోవును. గొడ్డలి కావలసినచోట గోటితో గీకుచుండుటవలన ప్రాణము పోవును.

మొదట గోటితో పోవువానిని చూతము. జలుబునకు మూలము చలిగాలి కాదు, వైరసులను సూక్ష్మజీవులు. చలికి తలుపులు బిగించుకొని పదిమందిమి ఒకే గదిలో నుండుటచే అవి సులభముగా ఒకరినుండి యొకరికి సంక్రమించును. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియాను చంపునుగాని వైరసులను చంపజాలవు. 1928లో పెనిసిలిన్‌ను కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగుగారే, 1945లో నోబెల్ బహుమాన సందర్భమున ప్రసంగించుచు, చాలీచాలని మోతాదులో ఈ మందును వాడినచో సూక్ష్మజీవులు దానిని తట్టుకొన నేర్చునని హెచ్చరించిరి. కావున జలుబునకు వైద్యుడు అట్టి మందు వ్రాయకుండుట అశ్రద్ధ కాదు, వివేకము.

సామాన్యమైన జలుబు వారము పదిదినములలో తనంత తానే తగ్గును. వేడి గంజి, మిరియాల చారు, గోరువెచ్చని నీరు, విశ్రాంతి, జ్వరమున్నచో వయసునకు తగిన మోతాదులో పారాసిటమాల్ - ఇవి చాలును. ఏడాది నిండిన బిడ్డకు దగ్గు ఉపశమించుటకు కొంచెము తేనె నాకింపవచ్చును. ఏడాది నిండనివారికి తేనె యెన్నడును పెట్టరాదు. పసిపిల్లల జలుబునకు సీసాలలోని దగ్గుమందు పలుమారు అవసరమే యుండదు. 2025లో మధ్యప్రదేశమందలి ఛింద్వాడా ప్రాంతమున విషపదార్థము కలిసిన దగ్గుమందు త్రాగిన పలువురు పసివాండ్రు మూత్రపిండములు చెడి మరణించిరి. తగ్గిపోవు జబ్బునకు తల్లిదండ్రులు ప్రేమతో పోసిన మందే మృత్యువైనది.

జబ్బు రాకుండ జాగ్రత్తపడుట అన్నిటికంటె చవుక. చేతులు సబ్బుతో కడుగుకొనుడు. దగ్గునపుడు మోచేతిని అడ్డము పెట్టుకొనుడు. పగటివేళ కిటికీలు తెరచి గాలిని, ఎండను లోనికి రానిండు. వృద్ధులును, ఉబ్బసము, గుండెజబ్బు గలవారును ఇన్‌ఫ్లుయెంజా టీకా గూర్చి వైద్యుని విచారింపవలెను. భోగిమంటలో పాత టైర్లు, ప్లాస్టిక్కు వేయువారు తమ వీధిలోని ఉబ్బసరోగిని జ్ఞాపకముంచుకొందురు గాక. ఆదిలాబాదు ప్రాంతమునను, లంబసింగి వంటి మన్యపు ఊళ్లలోను చలి మిక్కుటము. అచ్చట మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రించుట అపాయకరము. దానినుండి పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. నిద్రించువారు మేల్కొనకయే మరణింతురు.

ఇక వాకిళ్ల సంగతి. సామాన్యమైన జలుబునకు మన యిల్లే ఆసుపత్రి. సందేహము కలిగినపుడు ఊరిలోని ఆశా కార్యకర్తను గాని, ఉపకేంద్రములోని నర్సును గాని అడుగవలెను. మూడుదినములకును తగ్గని జ్వరమునకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. మైదానములలో సుమారు 30,000 మందికిని, కొండప్రాంతములలో 20,000 మందికిని ఒకటి చొప్పున అట్టి కేంద్రముండవలెనని నియమము. రెండువారములు మించిన దగ్గునకు అచ్చట కఫపరీక్ష ఉచితముగా జరుగును. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయము నెలకొనిన నాడు ఆ వ్యాధికి మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము తప్ప సరియైన మందు లేదు. నేడు మందు కలదు, ప్రభుత్వమువారు ఉచితముగా నిచ్చుచున్నారు. ఆలస్యము మాత్రము మనది.

గొడ్డలి కావలసిన సమయము నెరుగుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. సెకనుల ముల్లున్న గడియారము చాలును. ఏడ్వక నెమ్మదిగా నున్న బిడ్డ రొమ్ముపై వస్త్రము తొలగించి, నిండు నిమిషము ఊపిరులు లెక్కింపుడు. రెండునెలలు నిండని శిశువునకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేండ్లలోపు బిడ్డకు 40 - ఆ సంఖ్య వచ్చినను, మించినను అది న్యుమోనియా కావచ్చును. ఆ దినముననే వైద్యునికి చూపవలెను. డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు త్రాగలేకున్నను, పెదవులు నీలమైనను ఒక్క నిమిషమైనను ఆగరాదు.

పెద్దలకు చలిలో రక్తపుపోటు హెచ్చును. మూతి వంకరపోవుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట పక్షవాతపు గురుతులు. మెదడులో రక్తము గడ్డకట్టుటచే వచ్చిన పక్షవాతమునకు గడ్డను కరగించు మందు కలదు; కాని నాలుగున్నర గంటలలోపల ఈయవలెను, సీటీ స్కాను తీసిన పిదపనే ఈయవలెను. నాటుమందునకు పరుగెత్తినచో ఆ గడువు దారిలోనే గడచును. ఇట్టి వేళలోను, రొమ్ము నొప్పి, ఆయాసము హఠాత్తుగా వచ్చినపుడును 108కి ఫోను చేయవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో ఆరంభమైన ఈ వాహనము ఉచితముగా వచ్చును.

"అర్ధరాత్రి తలుపు తీయువాడు ఊరి ఆర్.ఎం.పి. యొక్కడే, అప్పుపెట్టి మందిచ్చువాడును అతడే" యని కొందరు తల్లిదండ్రు లందురు. ఆ మాట నిజము, దానిని పరిహసింపరాదు. వైద్యుడు లేని కేంద్రమునకు, తాళము వేసిన ఉపకేంద్రమునకు పొమ్మని బోధించుట న్యాయము కాదు. అట్టి లోపమును గ్రామసభలో నిలదీయుట ఓటరుల విధి. అయినను దగ్గరనున్నవాడు చేయదగినది కొంత, చేయరానిది కొంత కలదు. ప్రతి జ్వరమునకు సూది వేయుమని అడుగువారు మనమే గదా! అడుగుట మానినచో వేయుటయు తగ్గును.

విద్యార్థులారా! అనేక గృహములలో మందుచీటీ చదువగలవారు మీరే. ఈ సంక్రాంతి సెలవులలో ఒక కాగితముపై నాలుగు పంక్తులు పెద్ద యక్షరములతో వ్రాయుడు: ఆశా కార్యకర్త ఫోను సంఖ్య, ఆరోగ్యకేంద్రము తెరచు వేళలు, సీటీ స్కాను గల సమీపపు ఆసుపత్రి పేరు, 108. దానిని వంటయింటి తలుపునకు అంటింపుడు. మీ తమ్మునికి గాని, చెల్లెలికి గాని ఊపిరి లెక్కించుట ఒకమారు అభ్యసింపుడు. ఆరోగ్యముగా నున్న దినమున నేర్చిన లెక్కయే జబ్బు దినమున తడబడక చేయుటకు వచ్చును.