నడక మర్దులకేనా?

కొలెస్ట్రాల్ పెరిగిందనగానే మన ఇళ్లల్లో ఒకటే మాట: "సబ్ తఖ్దీర్ హై". వలీమా దేగ్‌లో డాల్డా గుమ్మరించింది తఖ్దీరా, బావర్చీనా? 2022 నుంచి ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటొద్దని కానూన్ ఉంది. సరే, అది తగ్గినా గడ్డకట్టే కొవ్వు కొవ్వే కదా! గోష్త్ మానమనను. చర్బీ తీసేయండి, పాయా వారం వారం వద్దు, దస్తర్‌ఖాన్ మీద దాల్, భాజీ పెంచండి.

నా అసలు గుస్సా వేరే. ఫజర్ కాగానే మర్దులు చెహల్‌ఖద్మీకి పోతారు. అమ్మీలు, ఖాలాలు? "ఇంటి పని చాలదా" అంటాం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక ఔరతులకూ కావాలి. బహిష్టు ఆగిన వయసులో చెడ్డ కొలెస్ట్రాల్ పెరిగేది వాళ్లకే. నడకకు బుర్ఖా అడ్డం కాదు భాయ్, మొహల్లా జబానే అడ్డం. రేపు అమ్మీని కూడా తీసుకెళ్లండి. డాక్టర్ రాసిన గోలీ మాత్రం ఆపనివ్వకండి.